అమ్మ దాచిన తొలిగింజ

నిన్న మధ్యాహ్నం మా ఊరి దిక్కు భూమిపూజకు వెళ్లి, యాప్రాల్‌లోని మా ఇంటికి తిరిగొచ్చి, పట్టుచీర మడత పెడదామని కొంగు విదిలిస్తే చివర వేసుకున్న ముడి మంచం కోడుకు తగిలి టక్కుమంది. విప్పి చూస్తే గుప్పెడు శనగలు. వెనకే నిలబడి ఉన్న కోడలు ప్రసాదమా అత్తమ్మా అని చెయ్యి చాపింది. అవునంటూ పెట్టబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకుని, ఉడకబెట్టి ఇస్తాలే అన్నాను. అవి ప్రసాదం కావు. పంతులుగారు నవధాన్యాలను తొమ్మిది దొప్పల్లో పోసి, ఈశాన్య మూల తవ్విన గుంటలో నా చేత్తో వేయమంటే, ఎనిమిది దొప్పలు గుంటలో వంచి, తొమ్మిదో దొప్పలోని ఈ శనగలను మాత్రం ఎవరూ చూడకుండా కొంగున కట్టుకుని వచ్చాను. ఏడు పదులకు దగ్గరపడిన మనిషి, పదిమందిలో పూజ గింజలు దాచుకుని రావడం ఏమిటని మీరు అడగవచ్చు. అక్కడ ఎవరూ అడగలేదు. అడగనందుకే నిన్నటినుంచి నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు.

మా ఊరు మేడ్చల్ దగ్గర, గౌడవెల్లి దాటి కొంచెం లోపలికి. ఇప్పుడు ఆ దారిన వెళితే రంగురంగుల జెండాలు పాతిన వెంచర్లు, కమాను మీద బంగారు అక్షరాలు, లోపల మొక్క కంటే ముందు మొలిచిన వీధిదీపాలు కనిపిస్తాయి గానీ, మన ఈడు వాళ్లు గుర్తు తెచ్చుకుంటే అక్కడ ఊరికి ఒక పక్క ఎర్ర చెలకలు, ఇంకో పక్క నల్లరేగడి ఉండేవి. ఆ రేగడిలో వానాకాలం ఏదీ పెద్దగా వేసేవారు కాదు. వానలు వెనకబట్టి, పైన ఆరి, లోపల ఇంకా తడి ఉన్న రోజుల్లో, చలి ముదరకముందే శనగ వేసేవారు. దానికి మళ్లీ నీరు కట్టే పని లేదు, మంచు తాగి బతుకుతుందని మా అవ్వ అనేది.

పూతకొచ్చిన శనగ చేలో పొద్దున్నే ఒట్టి కాళ్లతో నడిస్తే ఆకుల మీది పులుపు అంటుకుని పిక్కలు చురచురలాడేవి. తెల్లవారేసరికి పాత ధోవతి గుడ్డ ఒకటి చేను మీద పరిచి, మంచూ పులుపూ కలిసి గుడ్డ తడిశాక పిండి సీసాలో దాచి, కడుపునొప్పి అన్నవాళ్లకు చెంచాడు పట్టేవాళ్లం. బడి ఎగ్గొట్టే కడుపునొప్పులకు అది మరీ బాగా పనిచేసేది, ఎందుకంటే ఆ పులుపు ఒకసారి తాగిన పిల్ల మళ్లీ నొప్పి అనదు. లేత కొసలు తుంచి పప్పులో వేసేవాళ్లం. కొసలు తుంచితే మొక్క పక్కలకు కొమ్మలు వేసి ఇంకా ఎక్కువ కాస్తుందని, ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒకరి చేలో ఒకరు కూర తుంచుకునే హక్కు ఉండేది. ఇవన్నీ చెప్పుకోవడానికి బాగుంటాయి. అసలు చెప్పవలసింది మొదలుపెట్టడానికి నోరు రాక ఈ ముచ్చట్లన్నీ చెబుతున్నానని మీకు అర్థమయ్యే ఉంటుంది.

మా అమ్మది మంచి చెయ్యి అని ఊళ్లో పేరు. ఇప్పటివాళ్లకు ఆ మాట నవ్వులాటగా ఉంటుందేమో గానీ, అప్పట్లో విత్తనం వేసే రోజున ఎవరి చేయి ముందు పడాలన్నది చిన్న సంగతి కాదు. నేను పుట్టకముందు ఒక ఏడు ఊళ్లో అందరి విత్తనాలూ పుచ్చిపోతే, వేపాకూ బూడిదా కలిపి అమ్మ గోలెంలో దాచిన శనగలు మాత్రం నిలిచాయట. అవే తలా కాస్త పంచుకుని ఊరంతా విత్తుకున్నారట. ఆ ఏటినుంచి రేగడిలో ఎవరు శనగ వేసినా, విత్తే గొర్రు కట్టకముందు అమ్మను పిలుచుకుపోయేవారు. ఆమె తలకు పోసుకుని, కాళ్లకు పసుపు రాసుకుని, మా ఇంటి గింజ ఒక గుప్పెడు ఇత్తడి పళ్లెంలో పెట్టుకుని వెళ్లి, చేను ఈశాన్య మూల చాలులో వేసి మట్టి కప్పి మొక్కేది. ఆ తర్వాతే వాళ్ల గింజలతో గొర్రు కదిలేది. ఆ పళ్లెం మోసేదాన్ని నేను. ముందు నేను, వెనక అమ్మ, గట్ల మీద నడిచిపోతుంటే మగవాళ్లు సైతం పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. నాకు అప్పుడు ఎంత పొగరో చెప్పలేను, జడ కూడా ఊపుకుంటూ నడిచేదాన్ని.

ఆ గుప్పెడు గింజలను అమ్మ వేరే చిన్న కుండలో దాచేది. వాటిని మా ఇంట్లో తొలిగింజ అనేవాళ్లం. మా చేను మొత్తం ఇంకా పచ్చగా ఉండగానే, అక్కడక్కడ కొన్ని మొక్కలు ముందుగా పసుపుపచ్చబడి, నిలబడినవి నిలబడినట్టే ఎండేవి. వాటిని చూసి అమ్మ, భూమితల్లి మన ఇంటికి పంట ముందు చూపిస్తోందని సంబరపడేది. అందరికంటే ముందు పండిన గింజ కదా అని, ఆ మొక్కలను జాగ్రత్తగా పీకి, వాకిట్లో చాట మీద ఎండబెట్టి, కాయలు ఒలిచి, ఆ కుండలో పోసేది. ఒలిచిన కట్టెను పెంటకుప్ప మీద వేసేవాళ్లం, ఆ ఎరువు మళ్లీ మా చేలోకే పోయేది. గింజ కాస్త సన్నగా, మెరుపు లేకుండా ఉండేది. సన్నగా ఉన్నాయేమమ్మా అని నేను అడిగితే, ముందు పుట్టిన బిడ్డ ఎప్పుడూ సన్నగానే ఉంటుందని నా వంక చూసి నవ్వేది. ఇంట్లో పెద్దదాన్ని నేనే కాబట్టి నాకు అదీ గొప్పగానే ఉండేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు పెద్దబాపు చేను పోయింది. పెద్దబాపు అంటే మా బాపుకు సొంత అన్న. వాళ్ల రేగడి మా దాని పక్కనే. అంతకు ముందు ఏడు వాళ్ల ఈశాన్య మూల చాటంత మేర ఎండితే, ఏదో గాలి సోకిందని ఊరుకున్నారు. ఈసారి పూత మీద ఉండగా తలలు వాలడం మొదలై, ఈ పొద్దు పచ్చగా ఉన్న మొక్క రేపటికి గడ్డి రంగుకు వచ్చి, చూస్తుండగానే చేను సగం పోయింది. తక్కిన వాళ్ల చేలల్లో కూడా అంత కాకపోయినా ఒక మూల ఎండుతోంది. నీరు పెడితే నిలుస్తుందేమోనని పెద్దబాపు చెరువు నుంచి కావడితో మోసి పోశాడు. పోసిన చోట ఇంకా ముందు ఎండింది. ఆయన ఆ చేనును నమ్ముకునే బావి తవ్వకానికి మనుషులను మాట్లాడి పెట్టుకున్నాడు. అది ఆగిపోయింది. ఆ పైన తిండి గింజలకే ఇబ్బంది వచ్చి, జోడెద్దుల్లో ఒకదాన్ని మేడ్చల్ అంగట్లో అమ్ముకున్నాడు. ఒంటి ఎద్దు కొట్టంలో పొద్దంతా అరిచేది. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఉన్నది ఒక్క గోడే కాబట్టి ఆ అరుపు మా వంటింట్లోకి వినబడేది.

అప్పుడు మొదలైంది గుసగుస. బావి దగ్గర అమ్మ కడవ దించగానే మాటలు ఆగిపోయేవి. మా పెద్దమ్మ, అంటే పెద్దబాపు భార్య, నోటికి అడ్డు లేని మనిషి, ఒక పొద్దు గోడ అవతల నుంచి మాకు వినబడేటట్టే అంది. "దాని చెయ్యి మారింది. ఎవల కన్ను వడ్డదో ఏమో, మా మడి మీదికే అచ్చింది." అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మాట విని, తన రెండు అరచేతులు తిప్పి చూసుకుంది. నేను చూడనట్టు పక్కకు తిరిగాను. చెయ్యి మారడం అంటే ఏమిటో నాకు తెలియదు గానీ, మరునాడు బడికి పోతూ నడిబజారు వదిలి ఇళ్ల వెనక దారిన పోయాను.

కొన్నాళ్లకు తాలూకా నుంచి వ్యవసాయం చూసే సారు ఒకాయన సైకిల్ మీద వచ్చాడు. ఊరంతా పెద్దబాపు చేలో పోగైంది. మగవాళ్లు ముందర, ఆడవాళ్లు గట్టు దగ్గర. ఆయన ఎండిన మొక్కను వేరుతో సహా పీకి, పైకి బాగానే ఉన్న వేరును చూపించి, జేబులోంచి చాకు తీసి కాండం మొదలు నిలువునా చీల్చాడు. లోపల నడుమ నల్లటి గీత. ఇంకో చేలోది చీల్చాడు, అదే గీత. ఇది గాలీ కాదు, ధూళీ కాదు, ఎండు తెగులు, మట్టిలో ఉంటుంది, గింజతో కూడా వస్తుంది, ఒకసారి నేలకు పట్టిందంటే శనగ వేయకపోయినా ఏళ్లకేళ్లు అక్కడే కాచుకుని కూర్చుంటుంది అన్నాడు. చేలన్నీ తిరిగి వచ్చి, ఆయన ఇంకో మాట అడిగాడు, ఎవరినీ తప్పుపట్టాలని కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. "అన్ని చేలల్లో ఈశాన్య మూల నుంచే మొదలైంది. ఆ మూలలో మీరేం చేస్తారు?"

అందరికీ తెలుసు, సారుకు తప్ప. పెద్దమ్మ కూడా నోరు విప్పలేదు, అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. గొర్రు మొదలయ్యేదీ ఆ మూలనుంచే, నాగలి దిగేదీ అక్కడే, కాబట్టి ఆ మూలలో ఏది ఉంటే దాన్ని ఇనుము చేనంతా ఈడ్చుకుపోతుంది. నేను అమ్మ పక్కనే ఉన్నాను. ఆమె తలమీది కొంగు సర్దుకుని, గట్టు దిగి, మగవాళ్ల మధ్యలోంచి నడిచి సారు ముందుకు పోయింది.

"గా మూలల మొదటి గుప్పెడు ఏసేది నేను సారూ. గింజ గూడ మా ఇంటిదే. గీ మడులన్నిట్ల నేనే ఏసిన."

ఏం గింజ అని సారు అడిగితే, ముందుగా ఎండిన మొక్కల గింజ అని అమ్మ చెప్పింది. ఆయన మంచివాడు, మెత్తగానే చెప్పాడు. అది ముందు పండడం కాదమ్మా, ముందు చావడం అన్నాడు. అంతమందిలో ఆ మాట ఎంత మెత్తగా చెబితే మాత్రం ఏముంది. మా బాపు తలపాగా విప్పి భుజాన వేసుకుని, ఎటూ చూడకుండా నేల చూస్తూ నిలబడ్డాడు. అంతవరకూ మాకు పట్టింది దురదృష్టం, చెయ్యి మారిందంటే దిష్టి తీస్తే పోతుంది. ఆ క్షణం నుంచి అది మా ఇంటి గింజ, మా ఇంటి కుండ, ఏటేటా పసుపు రాసుకుని మేము స్వయంగా పోయి పక్కవాళ్ల నేలలో పెట్టి మొక్కి వచ్చిన తెగులు. నేను మోసిన పళ్లెం. పిలిచి, దారి ఇచ్చి, మర్యాద చేసి మరీ మా చేత పెట్టించుకున్నారు వాళ్లు. ఆ సిగ్గుకు నాకు చెవులు మండిపోయాయి.

ఇంటికొచ్చాక బాపు అమ్మ మీద మండిపడ్డాడు. ఆయన అరవడం నేను వినడం అదే మొదలు. "ఎవ్వలన్న అడిగిన్రా నిన్ను? నోరు మూసుకొని నిలవడితే ఏం బోతుండె? ఇజ్జత్ అంత బజార్ల వడేసినవు." అమ్మ జవాబు చాలా నిదానంగా చెప్పింది. "మల్ల ఏడాదికి గూడ పిలుస్తరు గద. అప్పుడేం జెప్పి తప్పించుకుందుమయ్యా?" బాపు ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు. ఆ రాత్రి ఆయన తినకుండా పడుకున్నాడని మాత్రం గుర్తుంది.

మరునాడు పొద్దున అమ్మ తొలిగింజ కుండ దించింది. పారేస్తుందనుకున్నాను. పారేస్తే ఎక్కడో ఒకచోట మొలుస్తుంది, కోళ్లు చెరిగితే చేలోకి పోతుంది. గింజ తింటే మనిషికి ఏమీ కాదు, నేలకే చేటు అని సారు చెప్పాడు కాబట్టి, నానబోసి గుడాలు చేసింది. ఉడికించిన శనగలను మా దిక్కు గుడాలే అంటాం. కుండ అయిపోయాక గోలెంలోని విత్తనాలు కూడా మొదలుపెట్టింది. ఒక్క గింజ మొలక శక్తితో మిగలకూడదని పట్టుబట్టింది. పొద్దున గుడాలు, సాయంత్రం గుడాలు, బడికి గుడాలు, చుట్టపుచూపుగా వచ్చిన మేనత్తకు కూడా అవే. కిందపడిన గింజను సైతం చీకటి మూలల్లోంచి వెతికి తీసేది. మామూలుగా గుడాలు చేస్తే పక్కింటికి ఒక గిన్నె పంపడం మా ఇంటి అలవాటు. ఆ గిన్నె ఆ రోజుల్లో వంటింటి గూట్లో బోర్లించే ఉంది. మా ఇంటి శనగ ఎవరికి పంపుతాం, ఏ మొహంతో పంపుతాం. ఆ వాసనంటే నాకు ఎంత విసుగు పుట్టిందంటే, పెళ్లయ్యాక మా అత్తగారింట్లో మొదటి వినాయక చవితికి గుడాలు పెడితే దొడ్లోకి పోయి కక్కుకున్నాను. కొత్త కోడలు కక్కుకుంటే ఇళ్లల్లో ఏమనుకుంటారో మీకు తెలుసు, మిఠాయి కూడా తెప్పించారు పాపం.

పెద్దబాపు మంచితనమే మమ్మల్ని ఎక్కువ కాల్చింది. ఆయన మా గడప తొక్కి ఒక్క మాట అనలేదు. అమ్మే ఒక సాయంత్రం వాళ్ల వాకిట్లోకి పోయి, మెట్టు మీద కూర్చుండిపోతే, ఆయన దూరంగా నిలబడే అన్నాడు. "తెల్వక జేసినవ్. ఏడ్సి ఏం ఫాయిదా? లే బిడ్డా, పిల్ల సూస్తాంది." పిల్ల అంటే నేను. ఆ తర్వాత దున్నకాలు మొదలైనప్పుడు, వాళ్లు అడగకముందే అమ్మ మా ఎద్దుల్లో ఒకదాన్ని విప్పి, వాళ్ల ఒంటి ఎద్దుకు జతగా తోలింది. వాళ్ల నేల అయ్యాకే మా నేల. పెద్దమ్మ మాత్రం ఆ ఎద్దుకు కుడితి పెట్టేటప్పుడు దాన్ని తిట్టేది, మమ్మల్ని తిట్టలేక.

సారు చెప్పినవన్నీ ఊరు చేసింది, కొందరు నమ్మి, కొందరు నమ్మక. ఎండిన మొక్కలను పెంటకుప్ప మీద వేయకుండా ఏరి కాల్చేశారు. ఎండాకాలం నేల లోతుగా తిరగేసి ఎండబెట్టారు. పట్టిన రేగడిలో శనగ మానేసి కొన్నేళ్లు జొన్న వేశారు. తెగులు తట్టుకునే కొత్త రకం గింజ వచ్చింది, దానికి పొడి మందు పట్టించి విత్తాలన్నారు. మందు కలిపిన గింజ చేత్తో పట్టుకుంటే వేళ్లకు రంగు అంటుకునేది. శనగ లేని ఆ చలికాలాల్లో ఊళ్లో కూర తుంచుకునే చేను లేక, ఆడవాళ్లు గట్ల మీద ఊరికే తిరిగేవారు. వాళ్లు పోయి, ఏమీ దొరక్క, ఖాళీ ఒడితో తిరిగి రావడం మా వాకిలి నుంచి కనిపించేది. తెగులు బయటపడ్డాక వచ్చిన మొదటి బతుకమ్మకు అమ్మ పూలు పేర్చింది గానీ, నన్ను పంపి తను రాలేదు. విత్తనం రోజుకు అమ్మను పిలవడం ఎప్పుడూ బతుకమ్మ ఆట దగ్గరే జరిగేది. ఎవరూ పిలవరని ఆమెకు తెలుసు, పిలవకుండా ఉండే కష్టం వాళ్లకు పెట్టడం ఇష్టం లేక రాలేదని నాకు తర్వాత తెలిసింది.

సారు చెప్పినవాటిలో చిన్నది ఒకటి ఉంది. తెగులు పట్టిన చేనులోంచి మంచి చేలోకి పోయేటప్పుడు కాళ్లకూ పనిముట్లకూ అంటిన మట్టి కడుక్కోవాలి అని. దాన్ని అందరూ విని వదిలేశారు, రేగడి మట్టి కడగడం అంటే మాటలా. అమ్మ వదల్లేదు. కలుపుకు పోయినా, కోతకు పోయినా, చంకలో చెంబు పెట్టుకుని పోయి, ఎవరి గట్టు దాటినా ముందు కాళ్లు కడుక్కుని కాని లోపల అడుగు పెట్టేది కాదు. చేలోంచి బయటికి వచ్చేటప్పుడు మళ్లీ కడుక్కునేది. మొదట్లో నవ్వారు. తర్వాత పక్కన పనిచేసే ఆడవాళ్లు ఆ చెంబు నీళ్లే తామూ రెండు చుక్కలు పోసుకోవడం మొదలుపెట్టారు, మనం ఎందుకు ఊరుకోవాలని. అమ్మ పాదాల మీద నీళ్లు పోసుకునేటప్పుడు మొహం ఎత్తేది కాదు. నాకు ఆ చెంబును చూస్తేనే నామోషీగా ఉండేది. నేరం చేసినవాళ్లు నుదుటి మీద రాసుకుని తిరిగినట్టు, రోజూ అందరి ముందు ఆ కడుక్కోవడం ఎందుకు, నలుగురూ మరిచిపోతే ఏం పోయింది అనిపించేది.

జొన్న కొన్ని పంటలు తీశాక పెద్దబాపు మళ్లీ ఒక ఏడు శనగకు దిగాడు. అప్పటికి నేను మేడ్చల్‌లో పై చదువు చదువుతున్నాను. విత్తే రోజు పొద్దున్నే ఆయన స్వయంగా మా వాకిట్లోకి వచ్చాడు, వెనక పెద్దమ్మ కూడా. "ఇగ చాలు. గింజ సర్కారుది, మందు వట్టించిన. జొన్న కోసిన నేల. రా బిడ్డా, మొదటి గుప్పెడు నువ్వెయ్యి." పెద్దమ్మ వాళ్ల ఇంటి ఇత్తడి పళ్లెం తోమి, చేత పట్టుకుని వచ్చింది. అదే ఆమె క్షమాపణ, ఆమె క్షమించడం కూడా. అమ్మ తన చేతులను కొంగు కింద దాచుకుంది. "గింజ మంచిదే బావా. నేల గూడ మంచిగైంది. నా చెయ్యి మీదనే నాకు నమ్మకం లేదు. నువ్వెయ్యి, నేను గట్టు మీద నిలవడి సూస్త." పోయి, గట్టు దగ్గర కాళ్లు కడుక్కుని, కడుక్కున్నాక కూడా లోపలికి దిగకుండా, విత్తడం అయ్యేదాకా ఎండలో నిలబడింది. ఆ ఏడు పెద్దబాపు చేను నిలిచింది. మూల కూడా నిలిచింది. పూత మీద అమ్మ రోజూ పోయి గట్టు మీదనుంచి ఆ మూలను చూసి వచ్చేది. పచ్చి కాయల కట్ట ఒకటి పెద్దమ్మ మా ఇంట్లో వేసిపోతే, అమ్మ అందులో ఒక మొక్క తీసి, గోటితో కాండం చీల్చి, లోపల తెల్లగా ఉండడం చూసి, అప్పుడు ఏడ్చింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమె ఎవరి నేలలోనూ ఒక్క గింజ వేయలేదు. మా చేలో కూడా బాపే వేసేవాడు.

అమ్మ పోయి చాలా ఏళ్లైంది. పెద్దబాపు, పెద్దమ్మ, బాపు, ఆ సారు, ఎవరూ లేరు. రేగడి అంతా గజాల లెక్కన పోయింది. పెద్దబాపు కొడుకులు అమ్మినంత అమ్మి, ఒక ముక్క మాత్రం ఇల్లు కట్టుకోవడానికి ఉంచుకున్నారు. దాని భూమిపూజకే నా మేనల్లుడు, అంటే పెద్దబాపు మనుమడు, కారు పంపి మరీ నన్ను పిలిపించాడు. దిగి చూస్తే, చుట్టూ కొత్తగా పోసిన సిమెంటు రోడ్ల మధ్య ఎక్కడ ఉన్నానో మొదట పోల్చుకోలేకపోయాను. అవతల చెరువు గట్టు కనిపించాక తెలిసింది. వాళ్లు ఉంచుకున్న ముక్క ఆ చేనుకు ఈశాన్య మూలే. వాస్తు బాగుందని ఉంచుకున్నారట.

లోపలికి అడుగు పెట్టబోతుంటే మేనల్లుడి భార్య చెంబుతో ఎదురొచ్చి, వంగి నా పాదాల మీద నీళ్లు పోసింది. "కాళ్లు గడుక్కొని రా అత్తా. గీ ఆనవాయితీ మీ అమ్మ నుంచే అచ్చిందంట గద, భూమితల్లి మీద మస్తు భక్తి ఉండెనంట." చుట్టూ ఉన్న అమ్మాయిలందరూ, ఎవరి చేలల్లో ఎండిందో వాళ్ల మనుమరాళ్లందరూ, ఒకరి తర్వాత ఒకరు కాళ్లు కడుక్కుని లోపలికి వస్తున్నారు. ఒకరు ఫోన్లో వీడియో తీస్తున్నారు. ఊళ్లో ఇప్పుడు ఏ ఇంటికి భూమిపూజ చేసినా ఇలాగే చేస్తారట. అమ్మ చెయ్యి పడితే నేల పండేదని, అందుకే ఆమె బిడ్డ చేత్తో వేయిస్తున్నామని మేనల్లుడు పంతులుగారికి చెప్పాడు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. మైకులో మంత్రం మొదలైంది. తెరిచిన నోరు మూసుకున్నాను. అమ్మ అంతమంది మగవాళ్ల మధ్యలోంచి నడిచి వెళ్లి చెప్పిన మాట, అడిగేవాళ్లు లేని చోట, అదే మూలలో నిలబడి నేను చెప్పలేకపోయాను.

పళ్లెం నా చేతిలో పెట్టారు. గోధుమలు వేశాను, వడ్లు వేశాను, పెసలు వేశాను. శనగల దొప్ప దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నిలిచిపోయింది. ఇప్పుడు అక్కడ ఏది మొలవాలి కనుక, రేపటికి కాంక్రీటు పోస్తారు, ఆ నేలలో తెగులున్నా ఒకటే, లేకున్నా ఒకటే. తెలుసు. తెలిసి కూడా వేయలేకపోయాను. ఆ గుప్పెడు వేస్తే, ఇన్నేళ్లూ గట్టు మీద నిలబడిన అమ్మను నేను లోపలికి తోసినట్టు అనిపించింది.

ఈ పొద్దు తెల్లవారగానే ఆ గుప్పెడుకు ఇంట్లో ఉన్న శనగలు కొన్ని కలిపి నానబోశాను. సాయంత్రం ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాళింపు వేసి పెడితే, కోడలు, మనుమలు బాగున్నాయని తిన్నారు. పూజ శనగలు అంటే రుచే వేరు అంది కోడలు. గుడాలంటే కడుపు తిప్పే నేను కూడా ఒక గిన్నెలో వేసుకుని కూర్చున్నాను. అప్పట్లో ఒక మొక్క ఎండితే ఎవరి గింజ, ఎవరి కాలు, ఎవరి చెయ్యి అని ఊరు ఊరంతా ఆ మూలకు పోయి నిలబడేది, సిగ్గుపడవలసినవాళ్లు సిగ్గుపడేవారు, క్షమించవలసినవాళ్లు పళ్లెం తోముకుని వచ్చేవారు. ఇప్పుడు సిగ్గు నా ఒక్కదానికి మిగిలింది, మిగతా అందరికీ అది భక్తి. తినేటప్పుడు మనుమరాలి చేతిలోంచి ఒక గింజ జారి సోఫా కిందికి దొర్లిపోయింది. పోనీ నాయనమ్మా అంది. ఉడికిన గింజ మొలవదని తెలిసి కూడా, మోకాళ్ల నొప్పితో వంగి, చీకట్లో చెయ్యి పెట్టి తడుముతూ దాన్ని వెతుకుతున్నాను.